ఫ్రీ డొమైన్: మొదటి ఏడాది సరే, రెండో ఏడాది సంగతేంటి?

వెబ్‌సైట్ పెట్టాలని ఎవరు మొదలుపెట్టినా ముందుగా కంటపడే మాట "ఫ్రీ డొమైన్". స్టూడెంట్ అయితే ఫ్రీ అంటారు, హోస్టింగ్ తీసుకుంటే ఫ్రీ అంటారు, పండగ ఆఫర్‌లో ఫ్రీ అంటారు. ఇవన్నీ మోసం అనుకోనక్కర్లేదు. చాలావరకు నిజంగానే ఇస్తారు. నా క్లాస్‌మేట్స్‌లోనే నలుగురైదుగురు పైసా కట్టకుండా సొంత పేరుతో పోర్ట్‌ఫోలియో సైట్లు పెట్టుకున్నారు.

మన సాహితీ క్లబ్ పత్రిక ఇప్పటిదాకా పీడీఎఫ్ లింకుల్లోనే తిరుగుతోంది. పత్రికకి సొంత డొమైన్ ఉంటే బావుంటుందని, అదీ ఫ్రీగా వచ్చే దారి ఉంటే చూడమని మొన్న మీటింగ్‌లో అనుకున్నాం. ఆ పని మీద చదివినవి, చూసినవి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కోడింగ్ ఏమీ లేదు. సివిల్, మెకానికల్ వాళ్లు కూడా ధైర్యంగా చదవచ్చు. చివరికి చెప్పదలుచుకున్నది ఒక్కటే: ఫ్రీ డొమైన్ తీసుకునే ముందు రెండు సంగతులు చూడాలి. రెండో ఏడాది రేటెంత? పేరు ఎవరి అకౌంట్‌లో ఉంది?

కొనడం కాదు, కౌలు

"డొమైన్ కొన్నాను" అని అందరం అంటాం. అసలైతే డొమైన్‌ని ఎవరూ కొనలేరు. ఏడాదికో, రెండేళ్లకో, మహా అయితే పదేళ్లకో వాడుకునే హక్కు తీసుకుంటాం. గడువు అయ్యాక మళ్లీ డబ్బు కట్టాలి. మన గుంటూరు, ప్రకాశం వైపు పత్తి, మిరప పొలాల మధ్య పెరిగిన వాళ్లకి దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు: కౌలు. ఎరువు తోలింది మనం, పంట పండించింది మనం, కానీ కౌలు కట్టకపోతే వచ్చే ఏడు ఆ పొలంలో వేరేవాళ్లు దున్నుతుంటారు.

ఇందులో ముగ్గురు ఉంటారు. మొదటిది రిజిస్ట్రీ. చివరి తోకని బట్టి ఒక్కో తోకకి ఒక్కో రిజిస్ట్రీ. డాట్ కామ్‌కి వెరిసైన్ అనే అమెరికా కంపెనీ, డాట్ ఇన్‌కి నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా. ఏ పేరు ఎవరిదో రాసుకునే అసలు పుస్తకం వీళ్ల దగ్గర ఉంటుంది. రెండోది రిజిస్ట్రార్. గోడాడీ, నేమ్‌చీప్, హోస్టింగర్ లాంటి కంపెనీలు. మనం డబ్బు కట్టేది వీళ్లకి, ఆఫర్లు పెట్టేదీ ఎక్కువగా వీళ్లే. మూడోది రిజిస్ట్రెంట్, అంటే ఆ పుస్తకంలో ఎవరి పేరు ఎక్కిందో వాళ్లు. వీళ్ల మీద పెత్తనం ఐకాన్ అనే సంస్థది. 1998లో ఏర్పడింది. అయితే డాట్ కామ్ లాంటి మామూలు తోకల మీద ఐకాన్ రూల్స్ నడుస్తాయి. డాట్ ఇన్ లాంటి దేశాల తోకలకి ఎవరి రూల్స్ వాళ్లవి.

కౌలు పోలిక ఇంకో చోట కూడా సరిపోతుంది. పొలం దున్నేది ఎవరైనా, కాగితంలో పేరు లేకపోతే బ్యాంకు లోను రాదు, పంట నష్టం వస్తే పరిహారం రాదు. అందుకే మన రాష్ట్రంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, కౌలు రైతులకి 11 నెలలు చెల్లే కార్డులు ఇస్తున్నారు. డొమైన్‌లో కూడా అంతే. సైట్ ఎవరు కట్టారు, ఎవరు రాశారు అన్నది లెక్కలోకి రాదు. పుస్తకంలో ఎవరి పేరుంది, లాగిన్ ఎవరి చేతిలో ఉంది, అదే లెక్క.

ఒకప్పుడు అందరికీ ఫ్రీనే

ఈ సంగతి నాకు చదివేదాకా తెలీదు. డొమైన్ నేమ్ సిస్టమ్‌ని పాల్ మోకాపెట్రిస్ 1983లో డిజైన్ చేశాడు. నంబర్లు గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి ప్రతి నంబరుకీ ఒక పేరు అన్నమాట. రిజిస్టరైన మొదటి డాట్ కామ్ పేరు సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీది, 1985 మార్చి 15న. అప్పట్లో డొమైన్‌కి ఎవరూ డబ్బు కట్టేవాళ్లు కాదు. ఖర్చంతా అమెరికా ప్రభుత్వం భరించేది. 1995 సెప్టెంబరులో నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీకి ఫీజు వసూలు చేసుకునే అనుమతి దొరికింది. రెండేళ్లకి 100 డాలర్లు. అప్పటినుంచే ఇది వ్యాపారం.

మన డాట్ ఇన్ 1989 నుంచే ఉంది. కానీ రూల్స్ ఎక్కువ కావడంతో చాలాకాలం కొన్ని వేల పేర్లు దాటలేదు. 2005 జనవరిలో రూల్స్ సడలించి, రిజిస్ట్రార్ల ద్వారా ఎవరైనా తీసుకోవచ్చు అన్నాకే జనం చేతికి వచ్చింది.

ఇవాళ ఒక డాట్ కామ్ పేరు మీద రిజిస్ట్రార్ వెరిసైన్‌కి ఏడాదికి 10.26 డాలర్లు కట్టాలి. 2024 సెప్టెంబరు నుంచి ఇదే రేటు. దీనికి తోడు ఐకాన్ ఫీజు కొన్ని సెంట్లు. అంటే మనకి "ఫ్రీ" అన్న రోజున కూడా ఎవరో ఒకరు ఆ డబ్బు కడుతున్నారు. మరి వాళ్లు ఎందుకు కడుతున్నారు? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే ఆ ఆఫర్ అర్థమైనట్టే.

ఫ్రీలో రకాలు

మొదటిది, స్టూడెంట్ ఆఫర్లు. గిట్‌హబ్ 2014లో స్టూడెంట్ డెవలపర్ ప్యాక్ మొదలుపెట్టింది. డిగ్రీ, డిప్లొమా చదువుతున్నట్టు కాలేజీ మెయిల్‌తోనో ఐడీ కార్డుతోనో చూపిస్తే చాలు, చాలా కంపెనీల టూల్స్ ఫ్రీగా వస్తాయి. అందులో డొమైన్లు కూడా ఉంటూ వచ్చాయి: నేమ్‌చీప్ నుంచి డాట్ మీ పేరు, ఇంకొకరి నుంచి డాట్ టెక్ పేరు, ఒక్కొక్కటి ఏడాది పాటు. ఈ లిస్టు మారుతూ ఉంటుంది కాబట్టి అప్లై చేసే రోజున ఏముందో చూసుకోండి. డాట్ మీ అంటే ఇంగ్లీషులో "నేను" అని ముచ్చటగా ఉంటుంది గానీ, నిజానికది మాంటెనెగ్రో అనే చిన్న దేశం తోక. వాళ్లు ఎందుకు ఇస్తున్నారు? ఇవాళ్టి స్టూడెంట్ రేపు ఉద్యోగంలో చేరాక అదే కంపెనీ దగ్గర పది డొమైన్లు కొంటాడని. ఇందులో తప్పేమీ లేదు. మనలాంటి వాళ్లకి అన్నిటికన్నా మంచి ఆఫర్ ఇదే.

రెండోది, హోస్టింగ్‌తో ఫ్రీ. ఏడాది, రెండేళ్ల హోస్టింగ్ ఒకేసారి కడితే డొమైన్ ఫ్రీ అంటారు. చీరల షాపులో ఒకటి కొంటే ఒకటి ఫ్రీ లాంటిదే ఇది. డొమైన్ డబ్బు హోస్టింగ్ రేటులో ఉంటుంది. మధ్యలో హోస్టింగ్ వద్దని రీఫండ్ అడిగితే చాలా కంపెనీలు డొమైన్ రేటు పట్టుకుని మిగతాది ఇస్తాయి. అది షరతుల్లో ముందే రాసి ఉంటుంది, మనం చదవం.

మూడోది, జనాన్ని ఆన్‌లైన్‌లోకి తేవడానికి పెట్టే ఆఫర్లు. 2011 నవంబరులో గూగుల్ మన దేశంలో "ఇండియా గెట్ యువర్ బిజినెస్ ఆన్‌లైన్" అని మొదలుపెట్టింది. హోస్ట్‌గేటర్‌తో కలిసి చిన్న వ్యాపారులకి ఒక వెబ్‌సైట్, డాట్ ఇన్ పేరు ఏడాది పాటు ఫ్రీ. మూడేళ్లలో 5 లక్షల వ్యాపారాలని ఆన్‌లైన్‌లోకి తేవాలని టార్గెట్ పెట్టుకున్నారు. షాపులు ఆన్‌లైన్‌లోకి వస్తే గూగుల్‌కి రేపు ప్రకటనలు ఇచ్చేవాళ్లు పెరుగుతారు కదా. మళ్లీ 2021 జనవరిలో నిక్సీ ఒక ఆఫర్ పెట్టింది. ఆ నెల 31 లోపు కొత్తగా డాట్ ఇన్ పేరు తీసుకున్నవాళ్లకి, ఆ నెలలో రెన్యూ చేసుకున్న పాతవాళ్లకి, 22 భారతీయ భాషల్లో ఏదో ఒక భాషలో ఇంకో డొమైన్ ఫ్రీ. ఆ భాషలో ఈమెయిల్ కూడా. అంటే తెలుగు లిపిలో డొమైన్ ఫ్రీగా వచ్చిన సందర్భం అది. దాని గురించి కింద మళ్లీ చెప్తాను.

నాలుగోది, ఎప్పటికీ ఫ్రీ అన్నది. దీని కథ తప్పకుండా తెలుసుకోవాలి. పసిఫిక్ సముద్రంలో న్యూజిలాండ్ కింద టొకెలావ్ అని మూడు చిన్న పగడపు దీవులున్నాయి. జనాభా సుమారు 1,500. మన వైపు ఒక మాదిరి ఊరంత కూడా లేదు. దాని తోక డాట్ టీకే. ఒక డచ్ వ్యాపారి కంపెనీ దాన్ని నడిపే హక్కు తీసుకుని, అడిగిన వాళ్లకల్లా పేర్లు ఫ్రీగా ఇచ్చింది. ఆ కంపెనీనే తర్వాత ఫ్రీనామ్ అన్నారు. మాలి, గబాన్ లాంటి ఆఫ్రికా దేశాల తోకలు కూడా ఇలాగే పంచింది. ఒక దశలో డాట్ టీకే పేర్లు 2 కోట్లు దాటి, దేశాల తోకల్లో ప్రపంచంలోనే పెద్దదిగా నిలిచాయి. వాళ్లకి ఆదాయం ఎక్కడిది? వదిలేసిన, గడువు తీరిన పేర్ల మీద ప్రకటనలు పెట్టి సంపాదించేవాళ్లు. ఫ్రీ కాబట్టి దొంగ సైట్ల వాళ్లు కూడా ఎగబడ్డారు. ఫేస్‌బుక్ పేరుతో, బ్యాంకుల పేరుతో నకిలీ పేజీలు వచ్చాయి. మెటా కంపెనీ కేసు వేసింది. 2023 మొదట్లో ఫ్రీనామ్ కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసింది. ఆ ఏడాది జూన్‌లో గబాన్ తన తోకని వెనక్కి తీసుకుని సుమారు 70 లక్షల పేర్లు తీసేసింది. 2024 ఫిబ్రవరిలో మెటాతో రాజీపడి, డొమైన్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నానని ఫ్రీనామ్ ప్రకటించింది. ఆ పేర్లలో దొంగవే కాదు, మనలాంటి స్టూడెంట్ల ప్రాజెక్టులు, చిన్న పత్రికల సైట్లు కూడా ఉండే ఉంటాయి. డబ్బు కట్టనివాడికి అడిగే హక్కు కూడా ఉండదు.

అయిదోది, సబ్‌డొమైన్. గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ పెడితే "మన పేరు డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ" అని అడ్రస్ వస్తుంది. దీనికి ఏడాది గడువు లేదు, రెన్యువల్ లేదు. పేరు కొంచెం పొడుగు, పైగా వాళ్ల ఇంటి పంచలో మన కొట్టు పెట్టినట్టు. కానీ నేర్చుకునేవాళ్లకి, ఖర్చు పెట్టలేని వాళ్లకి ఇంతకన్నా నిక్కమైన ఫ్రీ లేదు.

పది వేల ప్యాకెట్ల సంగతి

మా మావయ్యది పర్చూరు వైపు. ఏటా గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు తోలడమే గానీ సొంతంగా అమ్మడం తెలీదు. రేటు బాగా పడిపోయిన ఒక ఏడు, కొంత కాయని కారం ఆడించి ప్యాకెట్లలో అమ్ముదామనుకున్నాడు. తొడిమ తీయడం, తాలు ఏరడం అన్నీ ఇంట్లోవాళ్లే. టౌన్లో సైట్లు చేసిపెట్టే ఒకతను "డొమైన్ ఫ్రీగా వస్తుంది, సైట్‌కి మాత్రం ఇవ్వండి" అని చేసిపెట్టాడు. సైట్ బాగానే ఉంది. ఆ నమ్మకంతో అడ్రస్ అచ్చువేయించి పది వేల ఖాళీ ప్యాకెట్లు ఆర్డరిచ్చారు. అంతకన్నా తక్కువైతే ప్రింటర్ ఒప్పుకోడు.

ఏడాది తిరిగింది. డొమైన్ ఆ అబ్బాయి సొంత మెయిల్‌తో, అతని పేరు మీదే ఉంది. రెన్యువల్ మెయిల్స్ అన్నీ అతనికే వెళ్లాయి. అతనికి అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, పాత మెయిల్ చూడటం లేదు. హైదరాబాద్, బెంగుళూరు నుంచి మళ్లీ ఆర్డర్ పెడదామని చూసినవాళ్లకి సైట్ తెరుచుకోలేదు. నేను సెలవులకి వెళ్లి చూసేసరికి ఆ పేరు ఇంకెవరో తీసేసుకున్నారు, దాని మీద ఏదో ఆటల ప్రకటన వస్తోంది. అప్పటికి సగానికి పైగా ప్యాకెట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. అత్తయ్య ఒక్కో ప్యాకెట్ మీద ఫోన్ నంబర్ స్టిక్కర్ అంటించి వాడింది. కారం మంచిదే, పేరే పోయింది.

ఆ అబ్బాయి మోసగాడేం కాదు. ఆఫర్ తీసుకోవడం తేలికని తన అకౌంట్‌లో తీసుకున్నాడు. ఇలాంటివి మన చుట్టూ చాలా ఉంటాయి. అన్నయ్య స్కూల్ సైట్, బాబాయి సీడ్స్ షాపు సైట్ అడిగి చూడండి, లాగిన్ ఎవరి దగ్గరుందో చాలామందికి తెలీదు. రేపు మన చేత సైట్ చేయించుకునే వాళ్లు కూడా వీళ్లే. కాబట్టి వేరేవాళ్లకి చేసేటప్పుడు అకౌంట్ వాళ్ల మెయిల్‌తో, వాళ్ల ఫోన్ నంబర్‌తో తెరవడం మన పద్ధతి కావాలి.

గడువు దాటితే ఏమవుతుంది

డాట్ కామ్ లాంటి తోకల్లో గడువు అయిన మర్నాడే పేరు పోదు. రిజిస్ట్రార్ సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు తీరిన అయిదు రోజుల్లోపు ఇంకోసారి మెయిల్ పంపాలని ఐకాన్ రూల్. గడువు తర్వాత మామూలు రేటుకే కట్టించుకునే టైం కొంత ఉంటుంది. అది రిజిస్ట్రార్‌ని బట్టి, ఎక్కువలో ఎక్కువ 45 రోజులు. తర్వాత పేరు తీసివేత కింద పడితే 30 రోజుల రిడెంప్షన్ టైం ఉంటుంది. అప్పుడు మామూలు ఫీజుకి తోడు పెనాల్టీ కూడా కట్టాలి. అదీ దాటితే 5 రోజులు ఎవరికీ దొరకదు, ఆ తర్వాత ముందొచ్చిన వాడిదే. పడిపోయే పేర్ల కోసం రోజంతా కాచుకుని కూర్చునే కంపెనీలు ఉన్నాయి. మనం చేత్తో టైప్ చేసి వాళ్లతో పోటీపడలేం.

రెండో ఏడాది లెక్క

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి నేను ఊహించిన అంకెలు, ఏ కంపెనీవీ కాదు. మొదటి ఆఫర్‌లో మొదటి ఏడాది ఫ్రీ, రెన్యువల్ 1,000 రూపాయలు. రెండో దాంట్లో ఫ్రీ లేదు, మొదటినుంచీ ఏడాదికి 700. దీనిపై 18 శాతం జీఎస్టీ. నాలుగేళ్ల బీటెక్ కాలానికి చూస్తే మొదటిది 1,180 చొప్పున మూడుసార్లు, మొత్తం 3,540. రెండోది 826 చొప్పున నాలుగుసార్లు, మొత్తం 3,304. ఫ్రీ ఇచ్చిందే ఎక్కువైంది. ఒక్క ఏడాది ప్రాజెక్టుకైతే మొదటిదే లాభం. పదేళ్లు నిలవాల్సిన పేరుకైతే రెండోదే. అంటే ఏ ఆఫర్ మంచిదన్నది మనకి ఆ పేరు ఎన్నాళ్లు కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆటో రెన్యూ ఆన్ చేశాం కదా అని ధీమాగా ఉండొద్దు. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం కార్డు నుంచి దానంతట అదే డబ్బు కట్ కావాలంటే ముందు మనం ఓటీపీతో మాండేట్ రిజిస్టర్ చేసి ఉండాలి. అలాంటి ఏర్పాటు లేని విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర మన కార్డులు ఫెయిల్ అవుతాయి. ఫెయిల్ అయినట్టు చెప్పే మెయిల్ స్పామ్‌లో పడితే అంతే సంగతులు.

తెలుగు లిపిలో డొమైన్

సాహితీ క్లబ్ కాబట్టి ఇది చెప్పకపోతే తప్పు. తెలుగు లిపిలోనే డాట్ భారత్ అనే తోక ఉంది. పేరూ తెలుగులోనే, తోకా తెలుగులోనే. 2021 నాటి నిక్సీ ఆఫర్‌లో ఫ్రీగా ఇచ్చింది ఇలాంటివే.

ఇది లోపల ఎలా పనిచేస్తుందంటే, డొమైన్ సిస్టమ్‌ని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్‌లకే కట్టారు. అందుకని తెలుగు పేరుని ప్యూనీకోడ్ అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల్లోకి మారుస్తారు. 2003లో దీన్ని ప్రమాణంగా ఒప్పుకున్నారు. అలా మారిన ప్రతి పేరూ ఎక్స్, ఎన్, రెండు హైఫన్లతో మొదలవుతుంది. మనకి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కి ఆ గజిబిజి కనిపిస్తుంది. ఒక్కోసారి వాట్సాప్‌లోనో వేరే యాప్‌లోనో లింకు పంపితే మనకి కూడా ఆ గజిబిజే కనిపించొచ్చు. కొన్ని ఫారాల్లో తెలుగు ఈమెయిల్ ఇస్తే "ఇన్‌వాలిడ్" అంటుంది.

ఇంకో చిక్కు మన లిపిది. వెబ్‌సైట్ అని రాసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు పెడతాం. అది లేకపోతే "బ" కింద "స" ఒత్తు వచ్చేస్తుంది. రెండూ కంప్యూటర్‌కి వేరు వేరు. ఫోన్ కీబోర్డులో అందరూ ఒకేలా కొట్టరు. కాబట్టి తెలుగు డొమైన్‌కి పేరు ఎంచుకుంటే ఇలాంటి ఇంగ్లీషు మాటలు కాకుండా ఎలా కొట్టినా ఒకేలా వచ్చే చిన్న పేరు ఎంచుకోవాలి. పూత, కాపు, తెలుగు లాంటివి. తెలుగు పేరు ముద్దే, నాకూ ఇష్టమే. కానీ అదొక్కటే పెట్టుకుంటే కుదరదు. ఒక ఇంగ్లీషు పేరు కూడా ఉండి, రెండూ ఒకే సైట్‌కి వెళ్లేలా పెట్టుకోవాలి.

తీసుకునే పద్ధతి

స్టూడెంట్ ప్యాక్ ద్వారా తీసుకునేవాళ్లు వరుసగా ఇలా చేయండి.

1. గిట్‌హబ్ అకౌంట్ సొంత మెయిల్‌తో తెరిచి, కాలేజీ మెయిల్‌ని రెండో మెయిల్‌గా చేర్చండి. కాలేజీ మెయిల్ ఒక్కటే ఇస్తే పాసయ్యాక అది మూసేసినప్పుడు అకౌంట్ కూడా చేజారే ప్రమాదం ఉంది.

2. ఐడీ కార్డు ఫోటో స్పష్టంగా, పేరూ సంవత్సరం కనిపించేలా పెట్టండి. ప్రొఫైల్‌లో పేరు, కార్డు మీద పేరు ఒకటే ఉండాలి. మన ఇంటిపేర్ల దగ్గరే ఎక్కువ తేడాలొస్తాయి.

3. ప్యాక్ దొరికాక ఏ తోక, ఎంతకాలం, కార్డు నంబర్ అడుగుతారా అన్నది చదవండి. అదే తోకకి రెన్యువల్ రేటెంతో రిజిస్ట్రార్ ధరల పేజీలో చూసి రాసుకోండి. తోక కన్నా ముందున్న పేరుని "ప్రీమియం" అన్నారంటే దాని జోలికి పోకండి.

4. కార్ట్‌లో ఈమెయిల్, సెక్యూరిటీ, సైట్ బిల్డర్ అంటూ కలిపి ఉంటే తీసేయండి. మొత్తం సున్నా అయ్యాకే ముందుకు వెళ్లండి.

5. పేరు వచ్చాక మెయిల్ వెరిఫై చేయమని లింకు వస్తుంది. 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ ఆపేస్తారు. తీసుకున్న వెంటనే నొక్కేయండి.

6. మీ వివరాలు నిజమైనవే ఇవ్వండి. దొంగ అడ్రస్ ఇస్తే ఆ కారణంతోనే పేరు తీసేయొచ్చు. ఇంటి అడ్రస్, ఫోన్ బయటికి కనిపించకూడదంటే ప్రైవసీ ఆప్షన్ ఫ్రీగా ఉందేమో చూసి ఆన్ చేయండి. ట్రాన్స్‌ఫర్ లాక్, రెండంచెల లాగిన్ కూడా ఆన్ చేయండి.

7. ఫోన్ క్యాలెండర్‌లో పదకొండో నెలకి ఒక రిమైండర్ పెట్టండి. ఆ రోజు మూడు దారులు: అక్కడే రెన్యూ చేయడం, రేటు తక్కువున్న రిజిస్ట్రార్‌కి మార్చుకోవడం, వద్దనుకుని వదిలేయడం. మార్చుకోవాలంటే పాత రిజిస్ట్రార్ దగ్గర ట్రాన్స్‌ఫర్ కోడ్ తీసుకోవాలి. కొత్తగా తీసుకున్న పేరుని మొదటి 60 రోజులు సాధారణంగా మార్చనివ్వరు.

8. వదిలేసే ముందు ఆ డొమైన్ మెయిల్‌తో తెరిచిన అకౌంట్లన్నీ వేరే మెయిల్‌కి మార్చండి. లేకపోతే రేపు ఆ పేరు తీసుకున్నవాడు మీ పాస్‌వర్డ్‌లు రీసెట్ చేసుకోగలడు.

ఏ డొమైన్ గడువు ఎప్పుడో ఎవరైనా చూడొచ్చు. దాన్ని ఇదివరకు హూ ఈజ్ అనేవాళ్లు, మామూలు తోకలకి 2025 జనవరి 28 నుంచి ఆర్‌డ్యాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. మీ ఇంట్లోవాళ్ల వ్యాపారానికి సైట్ ఉంటే ఇవాళే ఒకసారి చూడండి.

మరి మన పత్రిక?

స్టూడెంట్ ప్యాక్ డొమైన్ ఒక స్టూడెంట్ పేరు మీదే వస్తుంది. ఆ స్టూడెంట్ నాలుగేళ్లకి వెళ్లిపోతాడు. ఫస్టియర్ వాళ్ల మొదటి కవితలు, సీనియర్లు రాసిపెట్టిన ఊళ్ల కథలు, అన్ని సంచికలూ ఆ ఒక్క అడ్రస్ కింద పెట్టి, తర్వాత ఆ అడ్రస్ పోతే, మావయ్య ప్యాకెట్ల మీద స్టిక్కర్ అంటించినట్టు మనం అంటించలేం. పంచుకున్న ప్రతి లింకూ చచ్చిపోతుంది.

అందుకని నా సలహా ఇది. ఇప్పటికి గిట్‌హబ్ పేజెస్‌లో ఫ్రీ సబ్‌డొమైన్‌తో మొదలుపెడదాం, పాత సంచికలన్నీ అక్కడ చేరుద్దాం. ఆ అకౌంట్ ఏ ఒక్కరిదీ కాకుండా క్లబ్ మెయిల్‌తో ఉండాలి. లాగిన్ మన ఫ్యాకల్టీ సార్ దగ్గర ఒకటి, థర్డియర్ ప్రతినిధి దగ్గర ఒకటి ఉండాలి. ఏటా కమిటీ మారేటప్పుడు రిజిస్టర్, ఖాతా పుస్తకంతో పాటు ఇది కూడా అప్పజెప్పాలి. తర్వాత క్లబ్ ఫండ్‌లోంచి ఒక డాట్ ఇన్ పేరుని అయిదేళ్లకి ఒకేసారి కట్టి తీసుకుందాం. అరవై మంది మెంబర్లం ఉన్నాం, తలా ఒక టీ డబ్బులు వేసుకుంటే ఏడాది గడిచిపోతుంది. ఫ్రీ ఆఫర్లని మన పోర్ట్‌ఫోలియోలకి, ప్రాజెక్టులకి నిక్షేపంగా వాడుకుందాం.

పత్రికకి ఏ పేరైతే బావుంటుందో, తెలుగు లిపి పేరు కూడా తీసుకోవాలా వద్దా అన్నది వచ్చే మీటింగ్‌లో తేలుద్దాం. మీ దగ్గర మంచి పేర్లుంటే రాసుకుని రండి. దొరుకుతుందో లేదో అక్కడే వెతికి చూద్దాం.